మేకులు అక్కర్లేని మాస్టు: గోదావరి డెల్టాలో హ్యామ్ యాంటెన్నాకు స్టాండు తయారీ

హ్యామ్ అంటే సొంత రేడియో సెట్టుతో దూరాల వాళ్ళతో మాట్లాడుకునే హాబీ, దాని యాంటెన్నాను ఎత్తున పట్టి ఉంచే స్తంభమే మాస్టు. మొదటిసారి నేను దాన్ని నిలబెట్టింది ముమ్మిడివరం దగ్గర ఒక చేను గట్టు మీద. ఇరవై అడుగుల పైపు, మూడు తాళ్ళు, మూడు ఇనప మేకులు. సాయంత్రం దాకా బాగానే ఉంది. 40 మీటర్ల బ్యాండులో (తరంగం పొడవు సుమారు అంత ఉండే రేడియో తరంగాల్లో) హైదరాబాదు స్టేషను ఒకటి పక్కింట్లోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. రాత్రి ఓ గంట వాన పడింది. తెల్లారి వెళ్ళి చూస్తే పైపు గడ్డివాము మీద పడుకుని ఉంది. మేకులు మూడూ తాళ్ళ చివర మట్టి ముద్దలతో వేలాడుతున్నాయి, తడినేలలో ముల్లంగి దుంపలు పీకినట్టు.

పైపు తప్పేం లేదు, తాళ్ళ తప్పూ లేదు. నేలను నమ్మడం నా తప్పు. మెరకలో మేకు కొడితే సుత్తి ఎగిరిపడుతుంది. మన ఒండ్రులో నాలుగు దెబ్బలకే దిగిపోతుంది, అంతే సులువుగా పైకీ వస్తుంది. నది మధ్య లంకల్లో అయితే పైన అరడుగు మందాన ఎండి గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా చెమ్మే. సముద్రం వైపు వెళ్తే ఉత్త ఇసుక. దమ్ము చేలో ట్రాక్టరు దిగబడకుండా కేజ్ వీల్స్ వేస్తాం కదా, మాస్టుకు కూడా అలాంటి ఏర్పాటే కావాలి. లోతుకు దిగకుండా వెడల్పుగా, బరువుగా కూర్చోవాలి.

అందుకే ఇక్కడ చెప్పే స్టాండుకు మేకులతో పనిలేదు. అడుగున ఒక ఇనప ప్లేటు, దాని మీద మీ కారు వెనక చక్రం. కారు పోని చోట దాని బదులు ఇసుక బస్తాలు. తాళ్ళ చివర కూడా ఇసుక బస్తాలే. నిలబెడితే మాస్టు ఎత్తు దాదాపు 7 మీటర్లు. విప్పితే 8 అడుగుల పైపులు మూడు, ప్లేటు ఒకటి, మడతపెట్టిన ఖాళీ సంచులు. నర్సాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లి వైపు దింపినా, చిన్న పడవలో లంకకు తీసుకెళ్ళినా ఇబ్బంది ఉండదు.

చుట్టూ ఇన్ని కొబ్బరిచెట్లు పెట్టుకుని ఈ పైపుల గోలేంటని మీరు అడగొచ్చు. నేనూ కట్టి చూశాను. చెట్టెక్కడానికి దింపు కార్మికుణ్ణి బతిమాలాలి, తోట రైతును ఒప్పించాలి. గాలికి ఊగే మట్టలు యాంటెన్నా తీగను రాస్తూనే ఉంటాయి. ఎండుమట్ట ఒకటి రాలితే తీగ దాన్ని రేడియోకు కలిపే కేబులైన కోయాక్స్‌తో సహా కిందికొస్తుంది. పైగా మనకు కావలసిన చోట, కావలసిన దూరంలో చెట్టు ఉండదు. వేరే దారి లేనప్పుడు మాత్రమే చెట్టు.

7 మీటర్లు సరిపోతాయా?

40 మీటర్ల బ్యాండులో 7 మీటర్లంటే తరంగదైర్ఘ్యంలో ఆరో వంతు. ఇంత కిందున్న డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి, రెండు వైపులా చేతుల్లా చాచిన తీగ యాంటెన్నా) సిగ్నలును ఎక్కువగా నెత్తి మీదికి పంపుతుంది. అది ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనావరణమనే పొరకు తగిలి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర గొడుగులా దిగుతుంది. మనకు కావలసింది చాలావరకు అదే. అమలాపురం నుంచి విశాఖ, విజయవాడ, హైదరాబాదు అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. తుపాను వచ్చినప్పుడు మీరు మాట్లాడాల్సింది బ్రెజిల్‌తో కాదు, కాకినాడతో. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపాను చూసినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడి, కరెంటూ ఫోనూ పోయి, పక్క ఊరి కబురు కూడా తెలియని రోజులవి.

2 మీటర్ల బ్యాండు సంగతి వేరు. అక్కడ ఎత్తే ముఖ్యం. సిగ్నలు దాదాపు చూపుమేర మాత్రమే వెళ్తుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.1తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. 7 మీటర్లకు సుమారు 11. అవతలివాళ్ళ యాంటెన్నా కూడా అంతే ఎత్తులో ఉంటే రెండూ కలిపి 22. మన దగ్గర కొండలు అడ్డం లేవు కానీ, పచ్చటి కొబ్బరితోటలు సిగ్నలును బాగా తినేస్తాయి. అందుకే తోట మధ్యలో కంటే ఏటిగట్టు మీద పెడితే మంచిది.

ముందు చూసుకోవలసినవి

లైసెన్సు గురించి ఒక్క మాట. ప్రసారం చేయాలంటే కేంద్ర టెలికం శాఖ కింద ఉన్న డబ్ల్యు.పి.సి. విభాగం ఇచ్చే అమెచ్యూర్ (హ్యామ్) లైసెన్సు ఉండాలి. దాని కాపీ ఒకటి సంచిలో పెట్టుకోండి. సముద్రతీరంలో పొడవాటి పైపు, తీగలు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి కనపడితే ఎవరైనా ఆగి అడుగుతారు. అడగడం వాళ్ళ పని. ముందే ఊరి పెద్దలకో, స్థానిక పోలీసు స్టేషనులోనో చెప్పి వెళ్తే టెన్షన్ ఉండదు.

అసలు ప్రమాదం కరెంటు తీగలు. డెల్టాలో 11 కె.వి. లైను లేని చేను దొరకడం కష్టం. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న చోట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కోసం లాగిన తీగలు మరీ కిందికి వేలాడుతుంటాయి. మన మాస్టు అల్యూమినియం. తీగకు తగలక్కర్లేదు, దగ్గరగా వెళ్ళినా చాలు. నేను పాటించే లెక్క ఇది: మాస్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో, అంటే 14 మీటర్ల లోపల, ఏ వైపూ కరెంటు తీగ ఉండకూడదు. యాంటెన్నా తీగ చివర్ల నుంచి కూడా అంతే దూరం చూడాలి. ఇరవై అంగలు వేసి కొలవండి. సర్వీసు వైరైనా సరే, కరెంటు లేదని ఎవరు చెప్పినా సరే, ఉన్నట్టే లెక్క. అక్కడ అంత చోటు లేకపోతే సామాను దించకుండా ఇంకో చోటు వెతుక్కోండి.

కోనసీమలో ఇంకొకటి కూడా ఉంది. చేల అడుగున గ్యాసు పైపులైన్లు పోతుంటాయి. వాటి గుర్తు రాళ్ళు, బోర్డులు కనిపిస్తే అక్కడ ఆగకండి. మేకులు వద్దనడానికి ఇది రెండో కారణం.

ప్లేటు, చెవులు, గొట్టం

వెల్డింగ్ షాపుకు వెళ్ళేముందు కాగితం మీద కొలతలతో బొమ్మ గీసుకోండి. నేను నోటితో చెప్పి వచ్చాను. "ఆయ్, జెండా కర్రకేనాండీ?" అన్నాడు వెల్డరు. నేను సరదాకి నవ్వాను. మర్నాడు వెళ్తే శుభ్రంగా జెండా దిమ్మే తయారై ఉంది.

కావలసింది 6 మిల్లీమీటర్ల మందం ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) ప్లేటు, 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు. 9 కేజీలకు కాస్త తక్కువ తూగుతుంది. గరుకు గీతలున్న చెకర్డ్ ప్లేటయితే టైరు జారదు. ఈ ప్లేటు కారుకు అడ్డంగా పడుకుంటుంది. లోపలి 8 అంగుళాల మీద వెనక చక్రం ఎక్కి కూర్చుంటుంది, మిగతా భాగం కారు పక్కకు బయటికి వస్తుంది, ఆ బయటి చివర మాస్టు నిలబడుతుంది. ముందు చక్రం ఎందుకు కాదంటే, మాస్టు సైడు అద్దానికి తగులుతుంది, డ్రైవరు తలుపు తెరుచుకోదు.

బయటి అంచుకు 8 సెంటీమీటర్లు లోపలగా రెండు చెవులు నిలబెట్టాలి. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఇనప పట్టీలు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు. ఒకటి కారు ముందు వైపు, రెండోది వెనక వైపు ఉండాలి, మధ్యలో 62 మిల్లీమీటర్ల ఖాళీ. అలా ఉంటేనే మాస్టు కారుకు తగలకుండా బయటి వైపుకు వాలుతుంది. చెవులకు ప్లేటు నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తున ఒక రంధ్రం, 22 సెంటీమీటర్ల ఎత్తున ఇంకొకటి. రెండూ 13 మిల్లీమీటర్ల డ్రిల్లుతో. కింది బోల్టు మడతబందులా పనిచేస్తుంది, పైది గొళ్ళెం. రెండూ 12 మిల్లీమీటర్ల లావు, 100 మిల్లీమీటర్ల పొడవు బోల్టులు.

చెవుల మధ్య నిలబడే గొట్టం 2 అంగుళాల జి.ఐ. (జింకు పూత ఉన్న ఇనుము) పైపు ముక్క, 2 అడుగులు. దాని కింది చివర నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర, 18 సెంటీమీటర్ల దగ్గర ఆరపార రంధ్రాలు పెట్టండి. కింది చివర ప్లేటుకు 4 సెంటీమీటర్లు పైన ఆగుతుంది కాబట్టి వాల్చేటప్పుడు అంచు తగలదు.

ఇక్కడ కొలతల మెలిక ఒకటుంది. జి.ఐ. పైపును 2 అంగుళాలంటే అది సుమారుగా లోపలి కొలత. బయట 60 మిల్లీమీటర్లు ఉంటుంది, లోపల మీడియం రకానికి 53. అల్యూమినియం పైపును 2 అంగుళాలంటే అది బయటి కొలత, 50.8 మిల్లీమీటర్లు. కాబట్టి రెండంగుళాల అల్యూమినియం రెండంగుళాల జి.ఐ.లోకి ఎవరో మనకోసమే కొలిచినట్టు దిగుతుంది. మిగిలిన సందుకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే సరి. మందం ఎక్కువున్న రకంలో సందు తగ్గిపోతుంది, పైపు లోపల అతుకు గీత కూడా అడ్డొస్తుంది. షాపుకు అల్యూమినియం ముక్క పట్టుకెళ్ళి దింపి చూసి కొనండి.

వెల్డింగ్ క్రమం ముఖ్యం. ముందు చెవులకు, గొట్టానికి రంధ్రాలు పెట్టించండి. మూడింటినీ బోల్టులతో బిగించండి. అలాగే ప్లేటు మీద నిలబెట్టి, రసమట్టంతో రెండు వైపులా నిటారు చూసి, చెవులకు ముందు చుక్కలు మాత్రమే పెట్టించండి. మళ్ళీ ఒకసారి రసమట్టం. అప్పుడు పూర్తి వెల్డింగ్. ఒకేసారి ఒక పక్కంతా వెల్డ్ చేస్తే వేడికి ఇనుము లాగేసి చెవి పక్కకు తిరుగుతుంది. ఆ తర్వాత గొట్టం దిగమన్నా దిగదు. చెవులకు బయటి వైపు చిన్న త్రికోణం ముక్కలు, చెవుల దగ్గర నుంచి టైరు వచ్చే చోటు దాకా ప్లేటు మీద 30 సెంటీమీటర్ల యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనప పట్టీ) ముక్కలు రెండు వేయిస్తే ప్లేటు వంగదు. జి.ఐ. గొట్టాన్ని మాత్రం వెల్డ్ చేయనివ్వకండి. పైనున్న జింకు పూత కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. మన డిజైనులో దానికి బోల్టులే తప్ప వెల్డింగ్ అవసరం రాదు.

చివరగా రెక్కలు. పుస్తకాల్లో కనిపించే ఇలాంటి స్టాండులకు ఇవి ఉండవు, మన నేలకు మాత్రం కావాలి. 40 మిల్లీమీటర్ల యాంగిల్, 3 అడుగుల ముక్క, ప్లేటు బయటి అంచును కింద నుంచి పట్టుకున్నట్టు రెండు బోల్టులతో బిగించాలి. ప్లేటుకు రెండు పక్కలా అడుగు చొప్పున బయటికి చాస్తుంది. గాలి కారు ముందు నుంచో వెనక నుంచో కొట్టినప్పుడు అడుగు వెడల్పు ప్లేటు ఒక్కటే సరిపోదు, పక్కకు ఒరుగుతుంది. మెత్తటి నేలలో కూరుకుపోకుండా ఆపేదీ ఈ రెక్కలే. ఇంటికొచ్చాక విప్పేసుకోవచ్చు. మొత్తానికి రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్ రెండు పూతలు.

పైపులు

ఖర్చంతా ఇక్కడే. అల్యూమినియం పైపులు 2 అంగుళాలు, ఒకటిం ముప్పావు, ఒకటిన్నర. గోడ మందం 2 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్నవి తీసుకుంటే ఒకదాంట్లో ఒకటి దూరతాయి. ఒక్కోటి 8 అడుగులు కోయించండి. అతుకు దగ్గర అడుగు లోపలికి పోతుంది కాబట్టి మూడూ కలిపి 22 అడుగులు, బరువు ఐదున్నర కేజీల లోపు. పీవీసీ పైపు చవక, తేలిక అని మొదట్లో మోజుపడతారు. మే నెల ఎండలో ఓ గంట నిలబెట్టండి, నమస్కారం పెడుతుంది.

అతుకు చోట బయటి పైపు పై అంచున హాక్‌సా బ్లేడుతో నాలుగు వైపులా 5 సెంటీమీటర్ల చీలికలు పెట్టి, మీద స్టీలు హోస్ క్లిప్పు బిగించాలి. క్లిప్పు ఒక్కటే చాలదు. గాలికి నెమ్మదిగా జారుతుంది. అతుకు మధ్యలో రెండు పైపులకూ కలిపి ఆరపార 6 మిల్లీమీటర్ల బోల్టు వేయండి. రంధ్రాన్ని పైపులు దూర్చి ఉంచే పెట్టండి, విడివిడిగా పెడితే జన్మలో కలవవు. పక్కన పెయింటుతో గీత గీస్తే తర్వాత చీకట్లో కూడా దొరుకుతుంది.

అల్యూమినియం కొనే స్తోమత లేకపోతే వెదురు వాడుకోండి. రంపచోడవరం వైపు నుంచి వచ్చే గట్టి వెదురులో మొదలు 2 అంగుళాలకు మించని, వంకర లేని 20 అడుగుల బొంగు ఏరుకుని, మొదట్లో సైకిల్ ట్యూబు చుట్టి గొట్టంలో దింపండి. మామిడికాయల దోటి ఎంత కాలం మన్నుతుందో ఇదీ అంతే. విడదీయడానికి రాదన్నదొక్కటే ఇబ్బంది.

తాళ్ళు కట్టే రింగుకు నేను వాడింది పాత ప్లాస్టిక్ కూరగాయల పీట. మధ్యలో 40 మిల్లీమీటర్ల రంధ్రం, చుట్టూ తాళ్ళకు నాలుగు చిన్న రంధ్రాలు. ఇది సన్న పైపు మీద నుంచి దిగి రెండో అతుకు క్లిప్పు మీద కూర్చుంటుంది, నేల నుంచి సుమారు 4.8 మీటర్ల ఎత్తున. మాస్టు కొసన చిన్న నైలాన్ కప్పీ ఒకటి కట్టి, అందులోంచి సన్న తాడు వేసుకోండి. యాంటెన్నాను జెండాలా పైకి కిందికి లాక్కోవచ్చు. తీగ పొడవు సరిచేయడానికి ప్రతిసారీ మాస్టు దించనక్కర్లేదు.

తాళ్ళు, బస్తాలు

మాస్టును నాలుగు వైపులా లాగిపట్టే గై తాళ్ళు నాలుగు, 6 మిల్లీమీటర్లవి. వేట సామాను, ఆక్వా సామాను అమ్మే షాపుల్లో నైలాన్ తాడు సులువుగా దొరుకుతుంది. గట్టిదే కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన తాడు తెల్లవారుజామున మంచుకు వదులవుతుంది. పాలిస్టర్ దొరికితే అదే మేలు. ప్లాస్టిక్ తాడు ఎండకు పొడిపొడి అవుతుంది, ఏడాదికోసారి మార్చాలి.

ఒక్కో తాడు మాస్టు మొదలుకు 4 మీటర్ల దూరంలో నేలకు రావాలి. ఎంత బరువు కట్టాలో లెక్క చూద్దాం. గంటకు 72 కిలోమీటర్ల గాలికి ఈ మాస్టు మొత్తం మీద పడే తోపు సుమారు 9 కేజీల బరువంత. అందులో గాలి వచ్చే వైపు తాడు అడ్డంగా ఆపాల్సింది 6 కేజీలు. తాడు వాలుగా ఉంటుంది కాబట్టి బస్తాను 7 కేజీల పైచిలుకు పైకి కూడా లేపుతుంది. లేపగా మిగిలిన బరువుతోనే బస్తా నేలను పట్టుకుని జారకుండా ఉండాలి. ఇలా కడితే 23 కేజీల దగ్గర అంచున ఆగుతుంది. యాంటెన్నా తీగ, కోయాక్స్ లాగే లాగుడు దీనికి అదనం. అందుకని 35 కేజీలకు తగ్గొద్దు. 25 కేజీల బియ్యం సంచిలో ముప్పావు వంతు ఇసుక నింపితే ఆ బరువు వచ్చేస్తుంది, ఎందుకంటే ఇసుక బియ్యానికి రెట్టింపు తూగుతుంది. గాలి రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుందని మాత్రం గుర్తుంచుకోండి. ఇది తుపాను ముందు, తుపాను తర్వాత వాడే మాస్టు. తుపాను గాలిలో నిలబెట్టేది కాదు.

సంచిలో సంచి పెట్టి రెండు పొరలుగా నింపండి. తాడును మూతికి కట్టి వదిలేయకండి, మూతి చిరిగితే అంతా పోయినట్టే. బస్తా నడుము చుట్టూ, అడుగు కింద నుంచి కలిపి పార్శిల్‌కు కట్టినట్టు కట్టి, ఆ కట్టుకు గై తాడు వేయండి. బురద మీద బస్తా పెడితే సబ్బు మీద పెట్టినట్టే, అక్కడ రెండంగుళాలు గోకి గుంటలో పడుకోబెట్టండి. ఇసుక దొరకని చోట మట్టి, ఇటుకలు, ఏదైనా బరువే. మేడ మీద అయితే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు తాడుకు రెండేసి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట ఇసుక తిన్నెల మీద ఇంకో ఉపాయం ఉంది. ఎండిన కొబ్బరి మట్ట మొదలు ఒకటి, మూడడుగుల ముక్క తీసుకోండి. మధ్యలో తాడు కట్టి, తాడు లాగే దిశకు అడ్డంగా అడుగున్నర లోతున పాతి ఇసుక తొక్కండి. మేకును చేత్తో ఊడబెరికే మనిషి దీన్ని కదపలేడు.

నిలబెట్టడం

ఇద్దరు ఉండాలి. ముందు ప్లేటు పరిచి, కారును మెల్లగా వెనక చక్రం దాని మీదికి ఎక్కించండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ముందు చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. తర్వాత కారు తాళం చెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి మా బావమరిది టీ తెస్తానని కారెక్కి స్టార్ట్ చేశాడు. మాస్టు నిలబడే ఉంది. కేక వేసే లోపు టైరు ప్లేటు అంచు దాకా వచ్చేసింది. తాళ్ళున్నాయి కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచి నేను తాళం చెవిని గొళ్ళెం బోల్టుకు నట్టు వెనకాల తగిలిస్తున్నాను. బోల్టు తీయకుండా తాళం చెవి రాదు, మాస్టు దించేటప్పుడు తప్ప బోల్టు తీయం.

కారు లేని చోట ప్లేటు లోపలి సగం మీద రెండు బస్తాలు, రెక్కల మీద చెరొకటి. అప్పుడు తాళ్ళు తప్పనిసరి. కారు ఉన్నా సన్నటి గాలికి తప్ప తాళ్ళు లేకుండా వదలొద్దు, టైరు స్ప్రింగులా ఊగుతుంది.

గొట్టాన్ని బయటికి వాల్చి, మాస్టును నేల మీదే పూర్తిగా అతికి, రింగు, తాళ్ళు, కప్పీ, కోయాక్స్ అన్నీ కట్టుకోండి. కారు ముందుకూ వెనక్కూ వెళ్ళే రెండు తాళ్ళను ముందే బస్తాలకు కట్టేయండి, కొద్దిగా వదులుగా. ఇవి మడతబందు వరుసలో ఉంటాయి కాబట్టి లేపేటప్పుడు బిగుసుకోవు, మాస్టు పక్కకు పోకుండా కాస్తాయి. మూడో తాడు కారు మీదుగా అవతలి వైపుకు వేయండి. పెయింటు గీసుకోకుండా కారు పైన దుప్పటి పరిస్తే ఇంట్లో మాట పడరు. ఒకరు కొస దగ్గర నుంచి మాస్టును నెత్తి మీదికి ఎత్తి, చేతులు మార్చుకుంటూ మొదలు వైపు నడవాలి. రెండోవాళ్ళు అవతల నుంచి మూడో తాడు లాగాలి, కుదుపు లేకుండా. నిటారుకు రాగానే గొళ్ళెం బోల్టు. ఆ తర్వాత నాలుగో తాడు. గొట్టంలో మాస్టు ఆ గొళ్ళెం బోల్టు మీదే ఆనుతుంది. అందుకే బోల్టు వేసే క్షణంలో పైపును బెత్తెడు పైకి లేపి పట్టుకోవాలి. మొదటిసారి ఇక్కడే తడబడతారు. మాస్టు లేకుండా ఖాళీ గొట్టంతో రెండు మూడుసార్లు ఇంటి దగ్గరే చేసి చూసుకోండి.

తాళ్ళు బిగించడానికి లారీ క్లీనర్లు లోడు మీద వేసే ముడి చాలు. తాడు సితారు తీగలా మోగక్కర్లేదు, చేత్తో లాగితే బెత్తెడు ఆడాలి. ఎక్కువ బిగిస్తే పైపును కిందికి నొక్కి వంచుతుంది. ప్రతి తాడుకూ నడుమెత్తున రంగు గుడ్డ పీలిక కట్టండి. చీకటి పడ్డాక పిల్లలు, గేదెలు ఒక్కలాగే పరిగెడతారు. గేదెకైతే గై తాడు వీపు గోక్కోవడానికి భలే నచ్చుతుంది.

తీగ

40 మీటర్ల బ్యాండుకు తలకిందులు వి ఆకారం డైపోల్ ఈ మాస్టుకు సరిగ్గా కుదురుతుంది. 142.5ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి సుమారు 20, అంటే ఒక్కో చేయి 10 మీటర్లు. ఒక్కోటి 30 సెంటీమీటర్లు ఎక్కువ కోసుకుని, ఎస్.డబ్ల్యు.ఆర్. (పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తుందో తెలిపే కొలత) చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించండి. చివరలు నేలకు 2 మీటర్ల ఎత్తున ఉండేలా లాగితే మధ్య కోణం 120 డిగ్రీల దగ్గర వస్తుంది, 90కి తగ్గకూడదు. ప్రసారం చేసేటప్పుడు తీగ చివర్లలో ఓల్టేజి ఎక్కువ, తగిలితే చెయ్యి కాలుతుంది. అందుకే ఆ ఎత్తు. చివర్ల నుంచి సన్న తాడు ఇంకో నాలుగు మీటర్లు వెళ్ళి నేలకు వస్తుంది కాబట్టి మొత్తం 25 మీటర్ల పొడవు చోటు చూసుకోండి. పొడవాటి గట్టు దొరికితే దాని వెంటే వేసేయండి.

ఉరుము వినపడితే

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బులు చిటికెలో కమ్ముతాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టండి, 3 సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వచ్చిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టే. మాస్టు దించడానికి అప్పటికే ఆలస్యమైంది. కోయాక్స్ రిగ్ (రేడియో సెట్టు) నుంచి పీకి దూరంగా పడేసి, మాస్టును వదిలేసి వెళ్ళిపోండి. ఆ కారులో కూడా కూర్చోకండి, దాన్ని ఆనుకునే కదా మాస్టు ఉంది. అసలు దూరాన నల్లమబ్బు కనిపించినప్పుడే దించేయాలి. ఊళ్ళో ఒక్క పది నిమిషాలు ఆగండి అని చెప్పే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వినకండి.

దించి సర్దడం

నిలబెట్టిన వరుసకు తిరగేసి. నాలుగో తాడు విప్పాలి, కారు అవతలి మనిషి మూడో తాడు గట్టిగా పట్టుకోవాలి, అప్పుడే గొళ్ళెం బోల్టు తీయాలి. తాడును చేతికి చుట్టుకోకుండా, నడుము వెనక నుంచి వేసుకుని కొంచెం కొంచెంగా వదలాలి. పైపులను ఒకదాంట్లో ఒకటి దూర్చి ఇంటికి తేవద్దు. ఇసుక రేణువు ఒక్కటి మధ్యలో ఇరుక్కున్నా, ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లగా పొంగినా, మళ్ళీ విడదీయడానికి ఇద్దరు మనుషులు, ఒక సుత్తి కావాలి. తడిగుడ్డతో తుడిచి విడివిడిగా కట్టండి. సముద్రం దగ్గర వాడితే ఇంటికొచ్చాక అన్నీ మంచినీళ్ళతో కడిగి, బోల్టులకు కాస్త గ్రీజు రాయండి.

ఇసుక ఎక్కడ తీశారో అక్కడే పోసేయండి. సంచులు దులిపి మడతపెట్టండి. అప్పటికి చేతిలో గొళ్ళెం బోల్టు, దాని నట్టు, కారు తాళం చెవి ఉంటాయి. బోల్టును తిరిగి చెవుల్లో పెట్టి నట్టు చేత్తో తిప్పాకే కారెక్కండి. నేను రెండు బోల్టులు జేబులో వేసుకుని పోగొట్టాను.